పరిషెలో ముందు చోటు పండించినవాళ్లకే దక్కాలి

2025లో బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషెను, అంటే శనక్కాయల జాతరను, అయిదు రోజులు జరిపారు. నవంబర్ 17 నుంచి 21 దాకా బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా శనక్కాయల రాశులే. ఏటా కార్తీక మాసం చివరి సోమవారం మొదలై మామూలుగా రెండు రోజుల్లో ముగిసే జాతర ఇది. పొడిగించడం మంచిదే. రద్దీ కొంత పలచబడుతుంది, ఆఫీసులకెళ్లే వాళ్లూ పిల్లల్ని తీసుకుని తీరిగ్గా వెళ్లొచ్చు. అయితే ఇదంతా చూడటానికి వచ్చేవాళ్ల సౌకర్యం. బస్తాలు దించుకుని రోడ్డు పక్కన కూర్చునేవాళ్లకు రోజులు పెరిగితే ఏం మిగులుతుందన్నది వేరే లెక్క.

అసలు ఈ పరిషె రైతులదే. సుంకేనహళ్లి, గుట్టహళ్లి, మావళ్లి, దాసరహళ్లి పొలాల్లో ఒక ఎద్దు పడి వేరుశనగ పంటంతా మేసేదని, దాన్ని శాంతింపజేయడానికి రైతులు తొలి పంటను బసవన్నకు, అంటే నందికి, సమర్పించుకున్నారని కథ చెబుతారు. ఏకశిలలో మలిచిన ఆ బసవన్న ఎత్తు దాదాపు 15 అడుగులు. గుడిని 16వ శతాబ్దంలో బెంగళూరును నిర్మించిన కెంపేగౌడ కట్టించాడంటారు. ఆ ఊళ్లన్నీ నగరంలో కలిసిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు బసవన్నకు పెట్టే కాయ కూడా కోలారు, చింతామణి, శ్రీనివాసపురం, మాగడి, తుమకూరు నుంచో, ఆంధ్ర, తమిళనాడు నుంచో రావాల్సిందే. చింతామణి, శ్రీనివాసపురం వైపు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. అందుకే "సేరు ఎంతన్నా?", "ఇంకో గుప్పెడు కొసరెయ్యక్కా" అనే మాటలు పరిషెలో కన్నడంతో సమానంగా వినిపిస్తాయి.

వానాకాలం మొదట్లో విత్తిన వేరుశనగ దసరా, దీపావళి తర్వాత చేతికొస్తుంది. కార్తీకంలో ఈ జాతర పెట్టడంలో ఆ తెలివి ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు పుట్టేదీ ఆ రోజుల్లోనే. పీకిన కట్టె (కాయలున్న మొక్క) పొలంలో ఉండగా ముసురు పట్టిందా, కాయ నల్లబడుతుంది, మొలకెత్తుతుంది. పరిషెలో జనం ఎక్కువగా అడిగే పచ్చికాయ సంగతి మరీ కష్టం. ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది, తడిస్తే బూజు పడుతుంది. వేయించిన కాయ అమ్మేవాళ్లు అయిదు రోజులు ఆగగలరు. పచ్చికాయ తెచ్చిన రైతుకు మూడో రోజు నుంచి ప్రతి పూటా నష్టమే. పైగా రాత్రుళ్లు బస్తాల మీదే పడుకోవాలి, మూడు పూటలా కొనుక్కుని తినాలి. అమ్మే ఆడవాళ్లకు మరుగుదొడ్డి దగ్గర్లో లేకపోతే ఆ ఇబ్బంది ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. రోజులు పెంచే నిర్ణయంతో పాటే టార్పాలిన్ పందిళ్లు, మరుగుదొడ్లు, తాగే నీళ్లు, రాత్రి తలదాచుకునే చోటు కూడా ఖాయం చేయాలి.

గాజులు, బొమ్మలు, రంగులరాట్నాలు వద్దని కాదు. అవి లేని తిరునాళ్ల ఎక్కడుంది? కానీ గుడి ముందరి జాగా డబ్బున్న వ్యాపారికి పోయి, శనక్కాయల రాశి సందు మలుపుకు జరిగితే మాత్రం అది అన్యాయం. కాయ అమ్మేవాళ్ల దగ్గర ఏ పేరుతోనూ రుసుము తీసుకోకూడదు. సరుకు కొని తెచ్చే చిల్లర వ్యాపారులు కూడా పేదవాళ్లే, వాళ్లూ ఉండాలి. సొంత పొలం కాయతో వచ్చినవాళ్లు మాత్రం వాళ్లకంటే ముందు వరసలో కూర్చోవాలి.

బెంగళూరు తెలుగువాళ్లకు ఈ విషయం పరాయిది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఉమ్మడి అనంతపురం జిల్లా వేరుశనగనే నమ్ముకుని బతికింది. అక్కడ ఆ సాగు ఏళ్లుగా తగ్గుతూ వస్తోంది. ఆ ఇళ్ల పిల్లలు ఎంతోమంది ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. ఒక సేరు కాయ వెనక ఎంత టెన్షన్ ఉంటుందో వాళ్లకు ఇంట్లోనే తెలుసు. కొనేటప్పుడు పది రూపాయల కోసం పట్టుబట్టకుండా, బట్ట సంచి చేత్తో పట్టుకెళ్లాలని వాళ్లే తోటివాళ్లకు చెప్పగలరు.

ఏర్పాట్లు కార్తీకం మొదలయ్యాక కాదు, పైరు చేలో ఉండగానే మొదలుపెట్టాలి. శ్రావణంలోనే తాలూకా వ్యవసాయ కార్యాలయాల్లో రైతుల పేర్లు రాసుకుని, గుడి ముందరి స్థలాలకు నంబర్లు వేసి వాళ్లకిచ్చేయాలి. బసవనగుడిలో తన చోటు ఉందని ముందే తెలిసిన రైతు, కట్టె పీకక ముందే పంటను దళారికి ఒప్పజెప్పాల్సిన అవసరం ఉండదు.