యాభై దాటాక ఎడారి ఉద్యోగం: అందరూ ఎండ గురించే అడుగుతారు, దూరం గురించి ఎవరూ అడగరు

మా బావకి 54 ఏళ్ల వయసులో ఒమన్ నుంచి ఆఫర్ వచ్చింది. గాజువాకలో సొంతిల్లు, పైప్ ఫిట్టర్‌గా ముప్ఫై ఏళ్ల అనుభవం, ఓడల రిపేర్లని, రిఫైనరీ షట్‌డౌన్లని (రిపేర్ల కోసం ప్లాంటు ఆపే రోజులు) ఏ కాంట్రాక్టరు పిలిస్తే అక్కడికి వెళ్లి పని చేసి వచ్చిన మనిషి. వెళ్లాల్సిన ఊరి పేరు దుక్మ్. మా ఇంట్లో ఎవరూ ఆ పేరు వినలేదు. మ్యాప్‌లో వెతికితే మస్కట్‌కి బాగా దక్షిణంగా, అరేబియా సముద్రం ఒడ్డున, చుట్టుపక్కల ఏమీ లేని చోట ఒక చుక్క కనిపించింది. "ఈ వయసులో ఆ ఎండలు తట్టుకోగలరా మీరు?" అని అక్క మొదటి రోజే అడిగింది. "బాయిలర్లలో దూరి పని చేసినోణ్ణి, నాకు ఎండ కొత్తా?" అన్నాడు బావ. ఆ తర్వాత నెల రోజులూ ఇంట్లో ఎండ గురించి, జీతం గురించి తప్ప ఇంకో మాట లేదు.

ఆయన రెండేళ్లు అక్కడ ఉండి వచ్చాడు. ఇప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ నెల రోజుల్లో అసలు అడగాల్సిన ప్రశ్న మేమెవరం అడగలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అయితే రాసేవాణ్ణి కాదు. ఉత్తరాంధ్ర నుంచి గల్ఫ్‌కి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు అలాంటివాళ్లు లేని ఊరు తక్కువ. కానీ వాళ్లు పాతికేళ్లకి వెళ్లి, ఇల్లు కట్టుకుని, నలభైకల్లా తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం టీ కొట్ల దగ్గర యాభై దాటినవాళ్లు కూడా ఇదే మాట్లాడుకుంటున్నారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో వాటాలన్నీ అమ్మేయాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయం తీసుకున్నప్పటినుంచి ఆ ప్రాంతంలో ఏ ఇంట్లోనూ రేపటి మీద ధీమా లేదు. 2025 జనవరిలో కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, అదే ఏడాది వీఆర్ఎస్‌లూ (స్వచ్ఛంద పదవీ విరమణ) వచ్చాయి. చేతిలో పని ఉంది, ఒంట్లో ఇంకా ఓపిక ఉంది, కూతురి పెళ్లో కొడుకు చదువో మిగిలి ఉంది. ఈ పరిస్థితిలో ఫోన్‌లో ఒక ఆఫర్ వస్తే మనిషి కదలకుండా ఎలా ఉంటాడు? వెళ్లేవాళ్లది ఆశ అని తేలిగ్గా మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. అది ఆశ కాదు, లెక్క. కాకపోతే ఆ లెక్కలో కొన్ని అంకెలు వేయడం లేదు, నా బాధంతా అదే.

ముందు ఎండ సంగతి చెప్పి పక్కన పెడతాను. దుక్మ్ నిజానికి గల్ఫ్‌లో మరీ కాలిపోయే ఊరు కాదు, నైరుతి గాలులు సముద్రం మీదుగా వీస్తాయి కాబట్టి వేసవిలో మస్కట్ కంటే చల్లగా ఉంటుంది. కానీ ఎడారి లోపలి సైట్లలో పరిస్థితి వేరు. విశాఖలో గాలి తేమగా ఉంటుంది, చెమట ఒంటి మీద కారుతుంటే నీళ్లు తాగాలని మనకే తెలుస్తుంది. పొడి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, చొక్కా తడవదు, ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. పైగా వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడమే తగ్గుతుంది, బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని మూత్రంగా పంపించేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలన్న నియమాలు ఉన్నాయి, ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 12:30 నుంచి 3:30 వరకు, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి 3:30 వరకు. మంచివే. కానీ 24 ఏళ్ల కుర్రాడికీ 54 ఏళ్ల బావకీ అవే గంటలు.

ఇక దూరం. మస్కట్ నుంచి దుక్మ్ దాదాపు 550 కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మనం విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లినంత, కాకపోతే దారిలో రాజమండ్రి, ఏలూరు, విజయవాడ లేవనుకోండి. చాలా దూరం ఇసుక, రాళ్లు, ఎక్కడో ఒక పెట్రోల్ బంకు. చేపలు పట్టుకునే చిన్న ఊరు అది. 2011లో ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు, ఓడల్ని నీళ్లలోంచి బయటికి తెచ్చి రిపేరు చేసే డ్రైడాక్ కూడా అదే ఏడాది మొదలైంది, రోజుకి 2,30,000 బ్యారెళ్ల రిఫైనరీని 2024లో ప్రారంభించారు. మన నౌకాదళం ఓడలు అక్కడి రేవు వాడుకోవడానికి 2018లో ఒప్పందం కూడా కుదిరింది. పరిశ్రమ పెద్దదే, ఊరు మాత్రం దానికి తగ్గట్టు ఇంకా ఎదగలేదు.

బావకి అక్కడ ఒకరోజు రాత్రి ఛాతీలో పట్టేసింది. క్యాంపులో ఫస్ట్ ఎయిడ్ చూసే అతను ఈసీజీ తీయించాలన్నాడు, బండి దొరకడానికే చాలాసేపు పట్టింది, చివరికి అది గ్యాస్ నొప్పి అని తేలింది. గాజువాకలో అయితే ఆటో ఎక్కితే దారిలో నాలుగు ఆసుపత్రులు తగులుతాయి, ఏదీ కాకపోతే విశాఖ పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది. ఆ రాత్రి ఆయన భయపడింది నొప్పికి కాదు. "పక్క మంచం మీద కుర్రాడు నిద్రపోతున్నాడు, వాడిని లేపాలంటే మొహమాటమేసిందిరా" అన్నాడు నాతో. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. నలుగురు పడుకునే గదిలో, కొడుకు వయసు కుర్రాళ్ల మధ్య, వాళ్ల ఫోన్ల వెలుగులో, ఇన్సులిన్ దాచుకోవడానికి మెస్ ఫ్రిజ్‌లో చోటు అడుక్కుంటూ ఉండటం అంటే జీతం కాగితంలో కనిపించని కష్టం.

మన చట్టం దీన్ని ఎలా చూస్తోందో చెప్పాలి. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ అవుతుంది, అంటే వలస తనిఖీ తప్పనిసరి అని. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే వాళ్లు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి అనుమతి తీసుకోవాలి, అగ్రిమెంటు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా అది. బావ పదో తరగతి తప్పాడు. కానీ వయసు 50 దాటితే ఎవరైనా సరే ఈసీఎన్ఆరే (ఈసీఆర్ అవసరం లేనివాళ్లు), అంటే ఆ తనిఖీలేవీ అక్కర్లేదు. ఒంటికి రక్షణ ఎక్కువ కావాల్సిన వయసులోనే చట్టం చేయి వదిలేస్తోంది. వయసు వచ్చిందంటే లోకం తెలిసిందని, ఎవరూ మోసం చేయలేరని ఆ నియమం వెనక ఉన్న ఆలోచన కావచ్చు, అది కొంత నిజమే, కానీ గుండె, మోకాళ్లు, చక్కెర సంగతి అందులో లేదు. ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం 2025లో విదేశాంగ శాఖ ముసాయిదా బిల్లు బయటపెట్టింది. 50 దాటినవాళ్లకి బీమా, అగ్రిమెంటు నమోదు తప్పనిసరి చేయమని అడగాల్సిన సమయం ఇదే, మన ఎంపీలు అడగాలి.

చట్టం మారేదాకా మనం చేయగలిగింది ఒకటుంది, బేరం. యాభై దాటిన ఫిట్టర్‌ని అంత దూరం పిలుస్తున్నారంటే జాలిపడి కాదు. షట్‌డౌన్‌కి రోజులు లెక్క, ఐసోమెట్రిక్ డ్రాయింగ్ (పైపులు ఎలా వెళ్లాలో చూపే బొమ్మ) చూసి ఒకేసారి సరిగ్గా బిగించేవాడు కావాలి, పైపుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి చూసే హైడ్రో టెస్టులో ఒక్క జాయింట్ కారినా పని మళ్లీ మొదటికొస్తుంది. ఆ అనుభవం కోసమే పిలుస్తున్నారు. అలాంటప్పుడు పాతికేళ్ల హెల్పర్‌కి ఇచ్చే అగ్రిమెంటు మీదే ఈయనా ఎందుకు సంతకం పెట్టాలి? రెండేళ్లకి ఒక సెలవు అంటే నేను ఒప్పుకోను, ఆరు నెలలకి ఒకసారి ఇంటికి పంపండి అని అడగొచ్చు. విడిగా గది, దానిలో చిన్న ఫ్రిజ్ అడగొచ్చు. దగ్గర్లో ఆసుపత్రి ఏది, అర్ధరాత్రి అక్కడికి ఎవరు ఏ బండిలో తీసుకెళ్తారు, ఖర్చు ఎవరిది, ఇది కాగితం మీద రాసివ్వమనొచ్చు. జీతం గురించి ఆ తర్వాత మాట్లాడాలి.

డబ్బు దగ్గర కూడా మన వాళ్లు మొత్తం జీతం చూస్తారు కానీ బేసిక్ చూడరు. ఒమన్ 2023 కార్మిక చట్టం ప్రకారం విదేశీ కార్మికుడికి పని మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల బేసిక్ చొప్పున గ్రాట్యుటీ రావాలి. 300 రియాళ్ల జీతంలో బేసిక్ 120 అని రాస్తే వచ్చేది ఆ 120 లెక్కే. ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి ఇవ్వక్కర్లేదు. వీఆర్ఎస్ డబ్బు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేద్దామనుకునేవాళ్లు వెళ్లకముందే ఆలోచించుకోవాలి, ఎన్ఆర్ఐ అయ్యాక ఆ ఖాతా తెరవలేరు.

ఉద్యోగం మానేయకముందే సొంత ఖర్చుతో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది. గల్ఫ్ వీసా కోసం చేసే మెడికల్ పరీక్షలో ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ అంటారు, ఇక్కడ పని వదిలేశాక ఆ మాట వింటే తట్టుకోవడం కష్టం. ఇంకొకటి, మోకాళ్ల నొప్పికి వాడే మాత్రల్లో ట్రమడాల్, దగ్గు మందులో కోడీన్ ఉంటే అక్కడ ఎయిర్‌పోర్టులోనే కేసు కావచ్చు. డాక్టరు చీటీ ఉన్నా సరే, ముందు ఆ దేశం నియమాలు చూసుకుని, కావాలంటే అనుమతి తీసుకునే పట్టుకెళ్లాలి.

అక్క గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఆ రెండేళ్లూ అత్తగారి మంచం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, చిన్నదాని పెళ్లి సంబంధాలు అన్నీ ఆమె ఒక్కతే చూసుకుంది. బావ శుక్రవారం ఫోన్ చేస్తే అన్నీ బాగున్నాయనేది, ఆయనా అక్కడ అదే అనేవాడు. ఛాతీ నొప్పి సంగతి ఆమెకి నాలుగు నెలల తర్వాత తెలిసింది. నా మీద కోప్పడింది, నాకు ముందే తెలుసని.

ఇప్పుడు మళ్లీ పిలిచారు. ఈసారి అక్క పక్కన కూర్చుని మూడు షరతులు రాయించింది: ఆరు నెలలకో సెలవు, విడిగా గది, ఆసుపత్రికి చేర్చే బాధ్యత కంపెనీదే అని రాతపూర్వకంగా. మొదటి రెంటికీ వారంలోనే సరే అన్నారు. మూడోదానికి "చూద్దాం" అన్నారు. బావ ఇంకా సంతకం పెట్టలేదు, పాస్‌పోర్టు అక్క బీరువాలో ఉంది.