దానానికి పనికిరాని డిక్కీ కారుకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ మా ఇంటి డిక్కీ కారు గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ, అంటే వాకిట్లో వేపచెట్టు కింద, నీ క్షేమం తెలియజేస్తావని నేను ఎదురుచూడటం లేదు. నీ కింద నేల మీద నూనె మరక రోజురోజుకూ పెరుగుతోంది. సంగతులన్నీ అదే చెబుతోంది. మహారాజశ్రీ, గారు అన్నవి ఉత్తరం మర్యాద కోసం. ఇరవై ఏళ్ల చనువు కొద్దీ ఇక నువ్వనే అంటాను.

నిన్ను దానం చేయాలనుకున్నాను.

ఈ సద్బుద్ధి ఎప్పుడు పుట్టిందో నీకు తెలుసు, నీ ఎదుటే పుట్టింది. మినీ బైపాస్ నుంచి వచ్చిన బ్రోకరు నీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. బానెట్ ఎత్తి చూసి, ఏమీ అనకుండా, చాలా మెల్లగా మళ్లీ దించాడు. ఆ దించడంలోనే సగం ధర పోయింది. "ముప్ఫై అయిదు వేలండీ, అదీ మీ మొహం చూసి" అన్నాడు. అంతకు ముందురోజు వచ్చిన పాత ఇనుము వ్యాపారి నా మొహం కూడా చూడలేదు, నీ బరువెంతని అడిగాడు. ఈ రెండు మాటలూ చెవిన పడ్డాక నాలో కర్ణుడు కళ్లు తెరిచాడు. బ్రోకరు లక్ష అని ఉంటే ఆయన ఇంకా నిద్రపోతూనే ఉండేవాడు.

నీకు మాత్రం ఒకప్పుడు వైభవం లేకపోలేదు. 2005 దసరాకు జొన్నవాడ కామాక్షమ్మ గుడి ముందు నీ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. నుదుట ఏపీ 26 అని నెల్లూరు నంబరు పెట్టుకుని నువ్వు వీధిలోకి వస్తే ఎదురింటివాళ్లు గేటు దాకా వచ్చి చూశారు. ఇప్పటి కార్లకు ఆ ముచ్చట లేదు, 2019 నుంచి జిల్లా నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ ఒకే గోత్రం. నీ డిక్కీలో మొలగొలుకుల బియ్యం బస్తాలు మోశావు, మా అమ్మాయి పెళ్లిచీరలు వెంకటగిరి నుంచి తెచ్చావు, పెంచలకోనకు ఏడుగురిని ఎక్కించుకుని వెళ్లావు. ఎంతమందిని ఎక్కించాలో కంపెనీవాళ్లు పుస్తకంలో రాశారు గానీ మా బంధువులు పుస్తకాలు చదవరు.

ఇక ఆ పులుసు సంగతి. దాన్ని దాచి నీ గురించి రాయడం కుదరదు. ఒక మే నెలలో ఒంగోలులో ఉన్న మా మరదలింటికి బయలుదేరాం. ముందురోజు రాత్రి వండిన కొరమీను పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది, వెనక సీట్లో మా ఆవిడ ఒళ్లో ఉంది. మూతకు గుడ్డ కట్టి, ఆ గుడ్డ మీద చేయి వేసి, కళ్యాణంలో తలంబ్రాల పళ్లెం పట్టుకున్నంత భక్తిగా కూర్చుంది. కావలి దాటాక గేదె అడ్డం వచ్చింది. నేను బ్రేకు వేశాను. గేదె బతికింది. పులుసు మాత్రం సీటు కుట్ల మధ్య నుంచి లోపలికి దిగి అక్కడే కాపురం పెట్టింది. సబ్బు నీళ్లు పోశాం, నిమ్మతొక్కలు రుద్దాం, కాఫీ పొడి చల్లాం, సాంబ్రాణి వేశాం. చలికాలంలో ఏమీ తెలియదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నీ తలుపు తీస్తే చాలు, మెంతుల పోపుతో సహా వస్తుంది. చేపల పులుసు మరునాటికి రుచి పెరుగుతుందని మన నెల్లూరు వాళ్ల నమ్మకం. ఆ లెక్కన ఈపాటికి నీ సీటుకు ఏ రుచి రావాలో ఊహించుకో.

దానం అనే మాట ముందు అన్నది మా అబ్బాయి, డల్లాస్ నుంచి. "నాన్నా, ఇక్కడైతే ఒక్క ఫోను చేస్తే చాలు. వాళ్లే బండి పంపి పైసా తీసుకోకుండా ఈడ్చుకెళ్తారు. వేలం వేసి ఆ డబ్బు సేవా సంస్థకు వాడతారు. మనకు పన్నులో తగ్గింపు" అన్నాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో! ఒకప్పుడు అక్కడి దాతలు తమ డొక్కు బండికి తమకు నచ్చిన ధర వేసుకుని పన్ను తగ్గించుకునేవారట. 2005 నుంచి ప్రభుత్వం ముక్కుతాడు వేసింది. 500 డాలర్లకు మించి తగ్గింపు కోరితే, మామూలుగా వేలంలో ఎంత పలికితే అంతే. నువ్వు మా ఇంటికి వచ్చిందీ ఆ ఏడాదే. అమెరికాలో దాతల మీద అనుమానం పుట్టిన ఏడే నెల్లూరులో నువ్వు రోడ్డెక్కావు.

మన ఆడిటరును అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, విరాళాలకు ఆదాయపు పన్నులో వచ్చే మినహాయింపు డబ్బు ఇస్తేనే గానీ వస్తువు ఇస్తే రాదన్నాడు. ఆ డబ్బు కూడా నోట్ల రూపంలో 2,000 దాటితే చెల్లదట. పైగా పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకే ఈ సౌకర్యం. నేను పాత పద్ధతిలోనే ఉన్నానని గర్వంగా చెప్పాను. "తెలుస్తూనే ఉంది" అన్నాడు, కిటికీలోంచి నీ వైపు చూసి.

సరే, మినహాయింపు లేకపోతే పుణ్యమైనా దక్కుతుందని ఊరి బయట ఉన్న ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాను. నిన్ను వాళ్ల గేటు ముందు, నూనె మరక కనబడకుండా ఇసుక మీద ఆపాను. నిర్వాహకురాలు ఎంతో మర్యాదగా మజ్జిగ ఇచ్చి ఒక్కొక్కటే అడిగింది. ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా? మొన్నటితో ఇరవై ఏళ్లు నిండాయన్నాను. 2020లో దాన్ని అయిదేళ్లకు పొడిగించడానికి 600 కట్టాను, ఇప్పుడు ఇరవై దాటిన కారుకు 10,000. (వయసు మీద పడితే నీకు రుసుము పెరిగింది, నాకు రైలు రాయితీ పోయింది. ఎవరి కర్మ వారిది.) ఆ పదివేలు ఎవరు కడతారు? గ్రీన్ టాక్సు, బీమా? 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగిపోయినప్పుడు ఇది మునిగిందా? సీట్ల దాకానే అన్నాను. డ్రైవరు జీతం? ఇంతలో వరండాలో కూర్చున్న ఒక పెద్దాయన నీ దగ్గరికి వచ్చి తలుపు తీసి, వాసన చూసి, "మధ్యాహ్నం భోజనం వచ్చిందా అమ్మా?" అని కేకేశాడు.

"అయ్యా, మీ మనసు మంచిది. ఒక పూట అన్నదానం చేయించండి, మాకు అదే పదివేలు" అంది ఆవిడ. పదివేలు అన్న మాట కావాలనే అందేమో నాకు తెలియదు.

పురోహితుణ్ణి ముహూర్తం అడిగినా అంతే. ఆయన నవ్వి నచికేతుడి కథ ఎత్తుకున్నాడు. తండ్రి యజ్ఞం చేసి పాలింకిన, గడ్డి కూడా మేయలేని ఆవులను దానం ఇస్తుంటే కొడుకు చూడలేక, "నన్నెవరికి ఇస్తావు?" అని పదేపదే అడిగాడు. తండ్రి విసిగి యముడికి ఇస్తానన్నాడు. మా ఇంటి నచికేతుడు అలాంటి ప్రశ్నలేవీ వేయలేదు. పైగా డల్లాస్ నుంచి ప్రోత్సహించాడు. అయినా ఆ ఆవులు నీకంటే నయం కదా, కనీసం పేడ వేసేవి.

చివరికి మా ఆవిడే తేల్చింది. "ఏమండీ, ఆ ముప్ఫై అయిదు వేలకే అమ్మేయండి. ఆ డబ్బు ఆశ్రమానికి చెక్కు రాయండి. వాళ్లకు భోజనాలు, మీకు ఆ మినహాయింపూ వస్తుంది." అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా రెండు రోజులు వెతికాను. కారంతా ఇచ్చేస్తానని ఊరంతా చెప్పుకున్నవాడికి, ఆ కారు తాలూకు డబ్బు బ్యాంకులో పడగానే ఇవ్వడానికి చేయి రాలేదు. నీ మీద ఉన్నప్పుడు అది తుక్కు, నా ఖాతాలోకి వచ్చాక కష్టార్జితం. సగం ఇద్దామన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి ఆ పాత పులుసు గిన్నె తోమడం మొదలుపెట్టింది. చప్పుడు మాత్రం కాస్త ఎక్కువగానే వచ్చింది. మొత్తానికి చెక్కు రాశాను.

బ్రోకరు గురువారం వచ్చి నిన్ను తీసుకువెళ్తాడు. 29, 30 నంబరు ఫారాలు ఖాళీగా ఉంచి సంతకాలు చేయమన్నాడు, పేరు తర్వాత మార్పించుకుంటాడట. నేను ఒప్పుకోలేదు. రికార్డులో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నీ బ్రేకుల సంగతి సుప్రీంకోర్టుకు తెలియకపోయినా నాకు తెలుసు.

ఆదివారం ఆశ్రమంలో మన పేరున భోజనాలు. పులుసు తానే వండి తెస్తానంది మా ఆవిడ. గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్తాం.

ఇట్లు,
పేరు మారేదాకా నీ యజమాని