ఏఆర్‌డీ ఎవరో వేస్తారు, తిట్లు మాత్రం బిల్లింగ్‌కి

నెలాఖరు వస్తే చాలు, హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులో కూర్చుని అమెరికా నర్సింగ్ హోమ్‌ల క్లెయిములు చేసే మా టీములకు ఒకటే మెయిల్: "ఈ పేషెంటుకు రేటు ఇంత తక్కువెందుకు?" ఎందుకంటే, మూడు వారాల కిందట అక్కడ ఎవరో ఏఆర్‌డీ అనే ఒక తేదీ వేసి చేతులు దులుపుకున్నారు కాబట్టి!

కొత్తగా ఈ లైన్లోకి వచ్చినవాళ్ల కోసం చెప్తున్నా. ఆసుపత్రిలో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీకి (అంటే ఆ నర్సింగ్ హోమ్‌కి) వచ్చినవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లోని పార్ట్ ఏ గరిష్ఠంగా 100 రోజులు కవర్ చేస్తుంది. పేషెంటు పరిస్థితి అంతా ఎండీఎస్ అనే అసెస్‌మెంటు ఫారంలో ఎక్కుతుంది, దాన్ని బట్టే ఫెసిలిటీకిచ్చే రోజువారీ రేటు. ఏ రోజు దాకా జరిగింది లెక్కలోకి వస్తుందో చెప్పేది ఏఆర్‌డీ, అంటే అసెస్‌మెంట్ రిఫరెన్స్ డేట్. చాలా అంశాలకు ఆ రోజుతో కలిపి వెనక్కి 7 రోజులు చూస్తారు. ఆ అర్ధరాత్రి దాటాక జరిగింది ఆ అసెస్‌మెంటుకు పట్టదు.

ఒకప్పుడు 5, 14, 30, 60, 90 రోజులకని వరసగా అసెస్‌మెంట్లు ఉండేవి. 2019 అక్టోబర్ 1న పీడీపీఎమ్ అనే కొత్త చెల్లింపు పద్ధతి వచ్చాక రేటు నిర్ణయించడానికి తప్పనిసరిగా చేయాల్సింది మొదటిదొక్కటే. ఏఆర్‌డీ 1 నుంచి 8వ రోజు లోపు వేయాలి, మధ్యలో మళ్లీ అసెస్‌మెంటు చేయకపోతే దాంతో తేలిన పేమెంటు గ్రూపే డిశ్చార్జి దాకా. పని తగ్గిందని అందరూ సంబరపడ్డారు. తప్పు దిద్దుకునే దారులు కూడా తగ్గాయన్న సంగతి చాలామందికి ఇప్పటికీ ఎక్కలేదు.

ఒక కేసు చూడండి. అలవాటు ప్రకారం 5వ రోజుకే ఏఆర్‌డీ వేసేశారు. 7వ రోజు పేషెంటుకు ఇన్ఫెక్షన్ వచ్చి, అక్కడే ఐవీ యాంటిబయాటిక్ మొదలుపెట్టారు. ఐవీ మందుకు ఎన్‌టీఏలో (రేటులో థెరపీ కాని మందులు, సేవల భాగం) 5 పాయింట్లు. నర్సింగ్ గ్రూపు కూడా మారొచ్చు. పైగా ఎన్‌టీఏ భాగానికి మొదటి 3 రోజులు మూడు రెట్లు చెల్లిస్తారు. 8వ రోజు వేసి ఉంటే ఇదంతా మొదటి రోజు నుంచే వచ్చేది. ఇప్పుడు ఐపీఏ (మధ్యలో కావాలంటే చేసే అసెస్‌మెంటు) చేసుకోవచ్చు, కానీ పెరిగే రేటు దాని ఏఆర్‌డీ నుంచే. ఆ మూడు రెట్లు మళ్లీ రావు. ఇందులో బిల్లింగ్ వాడు చేసేదేముంది? గ్రూపును చెప్పే అయిదక్షరాల హిప్స్ కోడు ఏది వస్తే అది, బిల్లులో ఆక్యురెన్స్ కోడ్ 50 పక్కన ఆ ఏఆర్‌డీ తేదీ, అంతే కదా!

"డబ్బు కోసం తేదీలు జరపడం మోసం కాదా?" అని అడుగుతారు. కాదు. 1 నుంచి 8వ రోజు దాకా విండో ఇచ్చిందే అందుకు, నిజంగా జరిగిన చికిత్స లెక్కలోకి రావాలని. తేదీ కోసం చికిత్సను సాగదీయడమే మోసం. పాత పద్ధతిలో వారానికి 720 నిమిషాల థెరపీకి చేరితే పై గ్రూపు వచ్చేది. చిత్రంగా ఎంతోమంది ముసలివాళ్లకు సరిగ్గా అక్కడిదాకానే థెరపీ అవసరం పడేది! ఆ యావ వల్లే కదా నిమిషాల లెక్క ఎత్తేసింది.

ఇక ఆలస్యం సంగతి. 10వ రోజు వేస్తే రెండు రోజుల ఆలస్యం, కాబట్టి రెండు రోజులకు డిఫాల్ట్ రేటే, అంటే అన్నింటికన్నా తక్కువది. అసలు వేయకుండానే పేషెంటు వెళ్లిపోతే ఆ రోజుల ఖర్చు చాలా సందర్భాల్లో ఫెసిలిటీ నెత్తినే.

(అమెరికాలో అమ్మానాన్నలు ఉన్నవాళ్లు కంగారు పడకండి. 21వ రోజు నుంచి మీరు కట్టే కోపే (పేషెంటు వాటా) ఏఆర్‌డీని బట్టి మారదు. 2025లో అది రోజుకు 209.50 డాలర్లు ఉండేది, ఏ గ్రూపు అయినా అంతే.)

మా క్లయింటు ఒకరు ఈ మధ్య "మీరు ముందే ఎందుకు హెచ్చరించలేదు?" అన్నారు. చార్టు చూసే యాక్సెస్ మాకివ్వరు, ఎండీఎస్ లాక్ అయ్యాకే ఫైలు పంపుతారు. ముందే హెచ్చరించాలంటే అడ్మిషన్ అయిన వారంలోనే మీ నర్సు, థెరపిస్టు, బిల్లింగ్ మనిషి ఒక్క కాల్‌లో కూర్చోవాలి. పది నిమిషాలు చాలు. పిలవండి, రాత్రి రెండింటికైనా మేం మేలుకునే ఉంటాం.