బ్రేక్ లేటుగా కొట్టడం ధైర్యం కాదు

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. కోపం తగ్గలేదు.

పొద్దున ఒక తెలుగు కుర్రాడు తన హ్యాచ్‌బ్యాక్ తీసుకుని మొదటిసారి ట్రాక్‌కి వచ్చాడు. ఒక పెద్దమనిషి వాడి భుజం మీద చెయ్యేసి "భయపడకు తమ్ముడూ, అందరూ బ్రేక్ కొట్టే చోటు దాటాక కొట్టు, ల్యాప్ టైం దానంతటదే తగ్గుతుంది" అన్నాడు. కాసేపటికే కుర్రాడు మలుపులోకి మితిమీరిన వేగంతో వెళ్లాడు. మధ్యలో కంగారుపడి మళ్లీ బ్రేక్ తొక్కాడు. బరువు ముందుకు పడి వెనక టైర్లు పట్టు వదిలేశాయి, కారు గిర్రున తిరిగి మట్టిలో ఆగింది. వాడికేం కాలేదు. కానీ సలహా ఇచ్చినాయనే అందరికంటే గట్టిగా నవ్వాడు చూడండి, అక్కడ మండింది నాకు.

బ్రేక్ లేటుగా కొడితే మిగిలేది కొన్ని మీటర్లు. మలుపు పాడైతే పోయేది ఆ తర్వాతి స్ట్రెయిట్ (నేరు దారి) మొత్తం మీద వేగం. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది, బ్రేక్‌కే అంతా ఖర్చు పెడితే స్టీరింగ్‌కి ఏం మిగులుతుంది? కారు నేరుగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కాలి. స్టీరింగ్ తిప్పుతున్న కొద్దీ కాలు మెల్లగా వదులుతూ రావాలి. అపెక్స్, అంటే మలుపు లోపలి అంచుకు బాగా దగ్గరయ్యే చోటు, చేరేసరికి బ్రేక్ దాదాపు వదిలేసి ఉండాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అంటే ఇదే. కాలు తొక్కడం ఎవరైనా తొక్కుతారు, వదలడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది. అది చెప్పడానికి ఒక్కరికీ ఓపిక లేదు.

పైగా కొత్తవాళ్లకు వేగం లెక్క కూడా తెలియదు. 100 నుంచి 140కి వెళ్తే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. ఆ శక్తి వేడిగా మారి బ్రేక్ ఆయిల్‌కీ తగులుతుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ అయితే కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పీల్చిన పాతది 155కే మరగొచ్చు. మరిగితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, కారు ఆగదు. "ఆయిల్ ఎప్పుడు మార్చావు?" అని ఆ కుర్రాణ్ని ఎవరైనా అడిగారా? లేటుగా కొట్టమని చెప్పడానికి మాత్రం అందరూ గురువులే.

అసలు ఈ జబ్బు ట్రాక్‌లో పుట్టింది కాదు. 2010లో కరుణ్ చందోక్ ఫార్ములా వన్‌కి వెళ్లింది ఈ చెన్నై నుంచే. అదే ఊళ్లో మా వీధి డ్రైవింగ్ స్కూల్లో బ్రేకింగ్ గురించి ఒక్క పాఠం చెప్పరు. నేర్చుకునేవాళ్ల కాలు గట్టిగా పడేలోపే పక్కనున్న ట్రైనర్ తన బ్రేక్ తొక్కేస్తాడు. క్లచ్ వదలడం, రివర్స్ చేయడం వస్తే చాలు, లైసెన్స్ చేతికొస్తుంది. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద దడదడమంటుందని, అప్పుడు ఇంకా గట్టిగా తొక్కి ఉంచాలని ఎంతమందికి నేర్పారు? వానలో మా చెన్నై ఓఎంఆర్ రోడ్డు మీద మొదటిసారి ఆ దడ తగలగానే కారేదో పాడైందనుకుని కాలు తీసేస్తున్నారు. ముందున్న బస్సు మాత్రం అక్కడే ఉంటుంది.