వంటింటికి ముప్పు లేని పుస్తకం

పిల్లలతో కలిసి వండుకోవడానికి పనికొచ్చే పుస్తకం ఏదని హనుమకొండ నక్కలగుట్ట అపార్ట్‌మెంట్ల నుంచి కాజీపేట దాకా అందరూ అడుగుతున్నారు. అడగడంలోనే తప్పుంది. పనికొచ్చే పుస్తకం కొంటే పని మొదలవుతుంది. పిండి నేలపాలవుతుంది, నూనె సీసా మూత కనబడకుండా పోతుంది, ఎనిమిదింటికి తినాల్సిన ఇల్లు పదింటికి తింటుంది. తెలివైన తల్లిదండ్రులకు కావలసింది ఏమిటంటే, పిల్లల్ని ప్రోత్సహిస్తున్నారన్న పేరు రావాలి, పొయ్యి మాత్రం వెలగకూడదు. అటువంటి పుస్తకాలు బజారులో పుష్కలంగా ఉన్నాయి. ఏరుకోవడం తెలియాలి, అంతే.

ముందు సరుకుల జాబితా చూడండి. అవకాడో, కినోవా, ఆలివ్ నూనె కనబడితే సగం గండం గడిచినట్టే. వాటిని ఆన్‌లైన్లో తెప్పించేలోపు పిల్లలకు యూనిట్ టెస్టులు వచ్చేస్తాయి. కారం దగ్గర ‘పాప్రికా’ అని రాసి ఉంటే ఇక కళ్లు మూసుకుని కొనేయండి. రంగెక్కువ, కారం తక్కువ ఉండే మిరప మన దగ్గర లేకనా? టమాటలా గుండ్రంగా, ఎర్రగా ఉండే చపాటా మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలకొద్దీ వస్తుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పిల్లల నోటికి సరిగ్గా సరిపోయే మిర్చి అదే. అందుకే అది పుస్తకంలో ఉండకూడదు. ఉంటే వండాల్సి వస్తుంది.

మొదటి వాక్యం ‘ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర ముందే వేడి చేసుకోండి’ అని ఉండాలి. మన ఓవెన్లలో అప్పడాల ప్యాకెట్లు, మూతల్లేని టిఫిన్ డబ్బాలు ఉంటాయి. అవి తీసి ఎక్కడ పెట్టాలన్న చర్చతోనే ఆదివారం గడిచిపోతుంది.

కొలతలు గ్రాముల్లో, స్పూన్లలో ఉంటే మంచిది. టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీస్పూన్ అంటే 5 అని చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు, అక్కడిదాకా ఎవరూ పోరు. ‘ఇంట్లో ఉన్న ఏదో ఒక గ్లాసు తీసుకోండి, దాంతోనే బియ్యం ఒకటి, నీళ్లు రెండు’ అని మొదటి పేజీలోనే రాసేవాళ్లు కొందరుంటారు. వాళ్లతో జాగ్రత్త. ఎనిమిదేళ్ల పిల్ల కూడా అది ఒక్కసారికే పట్టేస్తుంది. ఆ ఊపులో లెక్కల్లో నిష్పత్తులు కూడా అర్థమైపోతే, ఏడాదికి సరిపడా కట్టిన ట్యూషన్ ఫీజు ఎవరు వాపస్ ఇస్తారు?

బైండింగ్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. స్పైరల్ పుస్తకం గట్టు మీద పెడితే తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంటుంది. అది వద్దు. మందపాటి అట్ట, నున్నటి కాగితం, గట్టి జిగురు ఉన్నది చూడండి. చెయ్యి తీయగానే టప్‌మని మూసుకుంటుంది. మూసుకోకుండా మీద పోపుల డబ్బా పెడతారు. ఉప్పు ఎంతో రాసిన వరుస సరిగ్గా డబ్బా కిందికే పోతుంది. పసుపు చేత్తో డబ్బా జరిపితే నున్నటి కాగితం మీద అయిదు వేళ్లూ అచ్చు పడతాయి. అప్పుడు పడే ఒక్క కేకకు ఆ పిల్లాడు పదో తరగతి అయ్యేదాకా వంటింటి గడప తొక్కడు.

‘పెద్దల పర్యవేక్షణలో చేయాలి’ అన్న వాక్యం ప్రతి పేజీ అడుగున ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఏ వయసువాళ్లు బఠానీలు ఒలవచ్చు, ఎవరు ఉడికిన ఆలుగడ్డ మెదపొచ్చు, కత్తి ఎప్పుడు చేతికివ్వొచ్చు, పెద్దవాళ్లు పొయ్యి దగ్గర ఎప్పుడు నిలబడాలి అని విడమరిచి చెప్పే పుస్తకమైతే మనల్ని నిజంగానే నిలబెడుతుంది. ఆ ఒక్క వాక్యమే ఉంటే హాల్లో కూర్చుని ఫోన్ చూస్తూ కూడా పర్యవేక్షించవచ్చు. అట్ట మీద ఏప్రాన్ కట్టుకున్న తండ్రి నవ్వుతుంటాడు. ఆ బొమ్మ వేసినాయన మన జిల్లా మనిషై ఉండడు. మన దగ్గర తండ్రి ఫొటో వేళకు వస్తాడు, వాట్సాప్‌లో స్టేటస్ పెట్టి పోతాడు.

ఇంకో సంగతి. పుస్తకం కొడుక్కే కొనాలి. కూతురికి పుస్తకమెందుకు? “బిడ్డా, గా ఎల్లిగడ్డ పొట్టు తియ్యి, అట్లనే గిన్నెలు గూడ కడుగు” అంటే సరిపోయె, అచ్చు ఖర్చు లేదు. అదే ఎల్లిగడ్డ కొడుకు ఒలిస్తే హాబీ. “మావోడు మస్తు చేస్తడు” అని నాయనమ్మ నెలరోజులు వాడకట్టంతా చెప్పుకుంటుంది. ఆ నెలరోజులూ చెల్లె బియ్యం కడిగి, చిక్కుడుకాయ ఒలిచి, హోంవర్క్ కూడా రాసుకుని పడుకుంటుంది. ఆమెకు స్టేటస్ పెట్టేవాళ్లు లేరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పుస్తకం ఏదంటే, సర్వపిండి ఉన్నది. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు. కొత్తగా కొనాల్సింది ఏదీ లేదు, వాయిదా వేయడానికి సాకు దొరకదు. పిండి కలపడం పిల్లల పని. నూనె రాసిన గిన్నెలో పలచగా ఒత్తడం పిల్లల పనే, ఎందుకంటే చల్లటి గిన్నెలోనే ఒత్తాలి, చెయ్యి కాలదు. ఆ తర్వాత వేలితో బొక్కలు పెట్టాలి. ఇది ఏ పిల్లాడికైనా పుట్టుకతో వచ్చిన విద్య. ఒక్కో బొక్కలో రెండు చుక్కల నూనె వేసి, మూత పెట్టి, సన్నమంట మీద పెట్టడం వరకే పెద్దవాళ్ల వంతు. రెండో వాయికి కాలిన గిన్నెను నల్లా కింద పెట్టి చల్లార్చాలి. ఆ సుయ్‌మనే చప్పుడు కోసమే పిల్లలు మూడో వాయి అడుగుతారు. ఇంట్లో మరీ చిన్నపిల్లలుంటే పల్లీలు గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి వేయండి అని కూడా రాసిన పుస్తకం దొరికితే అది అసలు సిసలు కుటుంబ పుస్తకం. దాన్ని వెంటనే దుకాణంలో ఎక్కడిదక్కడ పెట్టేయండి.

అచ్చు కానివాటితో ఇంకా కష్టం. బతుకమ్మ తొమ్మిది రోజులూ చూడండి, పిల్లలకు వరసపెట్టి వంట నేర్పే కుట్రలా లేదూ? రెండో రోజు నైవేద్యం అటుకులు, బెల్లం, వాటికి పొయ్యే అక్కర్లేదు. నాలుగో రోజు నానబియ్యం, పాలు, బెల్లం. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చుట్టాలి, నూనెలో వేయించడమే అమ్మది. ఎనిమిదో రోజు నువ్వులు, బెల్లం, వెన్న కలిపి ముద్దలు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, నైవేద్యం ఉండదు. వండేవాళ్లకు నడుమ ఒకరోజు సెలవు ఇవ్వాలన్న ఆలోచన ఈ రంగుల పుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు.

పండుగ దాటగానే ఈ చదువంతా పిల్లల తలలోంచి దిగాలంటే మంచి నున్నటి పుస్తకం ఒకటి కొనిపెట్టాల్సిందే. కొన్నాక ప్లాస్టిక్ కవర్ చింపకండి. వచ్చే నెల ఏ చుట్టాలింట్లోనో పుట్టినరోజు ఉంటుంది. ధర చీటీ కూడా పీకకండి, వాళ్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చుకోవాలి కదా.