జలాంతర్గామి చోట వంజరం

మా స్కూల్లో ఈ ఏడాది నుంచి పిల్లలు వ్యాసం నోటుబుక్కులో రాస్తే చాలదు, క్లాసు బ్లాగులో పెట్టాలి. బ్లాగర్ 1999లో వచ్చింది, వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది, బ్లాగులు నడిపే ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఊరికే దొరుకుతాయి. మా యాజమాన్యం మాత్రం ‘స్కూళ్ళ కోసమే ప్రత్యేకంగా చేశాం’ అని ఎవరో చెబితే డబ్బులిచ్చి ఇంకోటి కొంది. దాని ప్రత్యేకత ఏమిటయ్యా అంటే, రాసే హక్కు పిల్లలది, ఓకే చేసే హక్కు నాది, తీసేసే హక్కు అడ్మిన్‌ది. అడ్మిన్ అంటే మా కంప్యూటర్ సారు. ఆయన బామ్మర్ది పెళ్ళని రాజాం వెళ్ళాడు.

నిన్న పేరెంట్స్ మీటింగు. బ్లాగుని ప్రొజెక్టరు మీద చూపించాలని కరస్పాండెంట్ గారికి ముచ్చట పుట్టింది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి మీద చక్కగా రాశాడు, ఫోటో కూడా తీసుకొచ్చాడు. దాన్ని నా ఫోన్లోంచి ఎక్కించబోతే సైజు 2 ఎంబీ దాటిందంది మా సాఫ్ట్‌వేరు. వద్దని ఊరుకుంటే ఏ గొడవా లేదు. బొమ్మ లేని పోస్టు బోసిగా ఉంటుందనుకుందో ఏమో, నా గ్యాలరీలోంచి చిన్న సైజుది తనే ఒకటి ఏరుకుని పెట్టేసింది. ఆ సంగతి చెప్పలేదు. ‘విజయవంతంగా ప్రచురించబడింది’ అని మాత్రం పచ్చటి అక్షరాల్లో చెప్పింది.

ఇప్పుడా ఫోటో గురించి చెప్పాలి. ఆదివారం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళడం నా అలవాటు. చేపల విషయంలో నా తెలివి మీద మా ఆవిడకి నమ్మకం లేదు. బేరం తేలకముందే ఫోటో పంపాలి. అదీ మామూలుగా కాదు, మొప్ప ఎత్తి లోపలి ఎరుపు కనపడాలి. అంచేత ఎగ్గట్టిన లుంగీతో నేను, ఒక చేత్తో వంజరం తోక, రెండో చేతి వేలు దాని మొప్పలో, నోరు ఇద్దరికీ తెరుచుకునే ఉంది. తీసింది చేపలమ్మే ఆవిడ. ‘నవ్వు బాబూ’ అంది, నవ్వాను. వాట్సాప్‌లో వెళ్ళిన ఫోటో కాబట్టి సైజు తగ్గి, మా సాఫ్ట్‌వేరుకి సరిగ్గా సరిపోయింది.

గోడంత తెర మీద నేనూ, వంజరమూ. తెరకి వీపు పెట్టి మైకులో కుర్రాడు.

“దీన్ని చూస్తే ప్రతి విశాఖవాసి ఛాతీ ఉప్పొంగుతుంది. ఇది 1969లో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధ సమయంలో సేవలందించింది. 31 ఏళ్ళు పనిచేసి 2001లో విరమణ పొందింది.”

నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది.

“దీని పొడవు 91 మీటర్లు.”

ముందు వరసలో ఎవరో దగ్గారు.

“2002లో ఒడ్డున నిలబెట్టి జనానికి ప్రదర్శనగా పెట్టారు. లోపలంతా గొట్టాలే.”

నేను మౌస్ పట్టుకుని ‘తొలగించు’ నొక్కుతూనే ఉన్నాను. ‘మీకు ఈ అనుమతి లేదు.’ పోనీ పేజీ మూసేద్దామంటే “ఉండనీండి మాస్టారూ, పిల్లాడు బాగా చదువుతున్నాడు” అన్నారు కరస్పాండెంట్ గారు. ఆయన తెర వైపు చూడ్డం లేదు మరి. తల్లిదండ్రుల ముఖాల్లో వెలుగు చూసి మురిసిపోతున్నారు. ఆ వెలుగు దేనికో ఆయనకేం తెలుసు!

చప్పట్లయ్యాక వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. చదువు గురించి అడుగుతాడేమోనని ఆశపడ్డాను.

“ఏటి మాస్టారూ, కిలో ఎంత చెప్పిందేటి?”

రాత్రి ఆ కంపెనీ వాళ్ళకి ఫిర్యాదు పెట్టాను. మా సేవలకి ఎన్ని చుక్కలు ఇస్తారని అడుగుతూ జవాబు వచ్చింది. ఫిర్యాదు ఊసే లేదు. ఈలోగా అదే పోస్టు, ఫోటోతో సహా, తల్లిదండ్రులందరి మెయిల్‌కీ దానంతటదే వెళ్ళిపోయింది. ఆ సదుపాయం ఉందని కూడా నాకెవరూ చెప్పలేదు.

వరసలో తర్వాతి వ్యాసం ఏడో తరగతి అమ్మాయిది, సింహాచలం చందనోత్సవం మీద. రేపు పొద్దున్న ఏడింటికి పబ్లిష్ అయ్యేలా షెడ్యూలు చేసి ఉంది. ఆ అమ్మాయి ఇచ్చిన గాలిగోపురం ఫోటో 3 ఎంబీ. షెడ్యూలు మార్చే హక్కు అడ్మిన్‌ది. కంప్యూటర్ సారు ఫోన్ సాయంత్రం నుంచీ స్విచాఫ్.