సవరణ: ‘సున్నా గీత తాకితే నగరం కోలుకున్నట్టే’ అన్న మాట గురించి

కోవిడ్ తర్వాత హైదరాబాద్ కోలుకున్న తీరును లెక్కగట్టే రీసెర్చ్ అసిస్టెంట్ పని గురించి గత వారం రాసిన పోస్టులో పై మాట ఉంది. అది గూగుల్ మొబిలిటీ నివేదికల గురించి: ఫోన్ల లొకేషన్‌ను బట్టి దుకాణాలు, పార్కులు, ఆఫీసుల వంటి చోట్ల జనం రాకపోకలు కోవిడ్‌కు ముందుకన్నా ఎంత శాతం మారాయో అవి చూపిస్తాయి. దాన్ని ఇలా చదవండి: సున్నాను తాకితే రాకపోకలు మునుపటి స్థాయికి వచ్చినట్టు, అంతవరకే.

ఈ నివేదికల్లో సున్నా అంటే 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 వరకు, వారంలో అదే రోజుకు వచ్చిన మధ్యగత (మీడియన్) విలువ. సంక్రాంతికి నగరం ఊళ్లకు తరలే రోజులు అందులోనే ఉన్నాయి. మధ్యగతం ఆ ప్రభావాన్ని చాలావరకు తగ్గిస్తుంది. కానీ ఆ సున్నా చలికాలానిది, కాబట్టి జూలైలో పార్కులు ఖాళీగా ఉంటే అది కోవిడ్ వల్లో వాన వల్లో ఆ అంకె చెప్పదు.

డేటా ఫైల్‌లోని ‘నివాసం’ కాలమ్‌ను మిగతా కాలమ్‌లతో కలిపి సగటు తీయొద్దు. మిగతావి వచ్చిన జనంలో మార్పును చూపిస్తాయి, ఇది ఇంట్లో గడిపిన సమయంలో మార్పును.

అన్నిటికన్నా ముఖ్యం ఖాళీ గడులు. ఖాళీ అంటే సున్నా కాదు, గోప్యత కాపాడేంత డేటా లేక వదిలేసిన చోటు. ఫైల్ తెరవగానే ఖాళీలను సున్నాలతో నింపే అలవాటు చాలామందికి ఉంది. -60, -58ల మధ్య రెండు సున్నాలు పడితే చాలు, ఆ వారం సగటు ఉన్నపళంగా లేచి లాక్‌డౌన్ సడలినట్టు కనిపిస్తుంది.

పైగా లొకేషన్ హిస్టరీ (వెళ్లిన చోట్లను నమోదు చేసే గూగుల్ సెట్టింగ్) ఆన్ చేసుకున్న ఫోన్లే ఇందులో ఉన్నాయి. అడ్డా కూలీకి మళ్లీ పని దొరికిందా అన్నది ఇందులో దొరకదు. ఆ పోస్టు రెండో భాగంలో ఉపాధి గురించి రాసేటప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వే అయిన పీఎల్ఎఫ్ఎస్ పట్టణ పట్టికలే వాడతాను.